అక్షరం మారకుండా వేషం మార్చే విద్య

పేజీలు కూర్చే అడోబీ సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో ఒక ఇంగ్లీషు శీర్షికను పెద్ద అక్షరాల్లోకి మార్చడానికి రెండు దారులున్నాయి. టైప్ మెనూలోకి వెళ్తే చేంజ్ కేస్ అని ఉంటుంది. దాని కింద అప్పర్‌కేస్, లోయర్‌కేస్, టైటిల్ కేస్, సెంటెన్స్ కేస్ అని నాలుగు వరసలు. మెనూ దాకా వెళ్లకుండా పైనున్న కంట్రోల్ ప్యానెల్లో వెతికితే, రెండు పెద్ద టీలు పక్కపక్కన నిలబెట్టిన చిన్న బటన్ ఒకటి కనిపిస్తుంది. అది ఆల్ క్యాప్స్. అప్పర్‌కేస్ కొట్టినా ఆల్ క్యాప్స్ నొక్కినా తెర మీద జరిగేది ఇంచుమించు ఒకటే. చిన్న ఏబీసీడీల్లో ఉన్న మాటలు పెద్ద ఏబీసీడీల్లోకి వచ్చేస్తాయి. పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఏది ముందు కంటబడితే అది వాడేసి తర్వాతి పేజీకి వెళ్లిపోతారు. ఒకే పనికి రెండు చోట్లెందుకని అడిగేవాళ్లూ ఉన్నారు. నిజానికి ఆ రెండూ చేసేది ఒకే పని కాదు. ఆ తేడాను అంత చిన్న చోట అంత శ్రద్ధగా అమర్చినవాళ్ల పనితనం నన్ను చాలాకాలంగా ఆకట్టుకుంటోంది.

ఆల్ క్యాప్స్ కేవలం వేషం. అక్షరాలు మనం టైపు చేసినవి టైపు చేసినట్టే లోపల ఉంటాయి. పేజీ మీదికి వచ్చేటప్పుడు మాత్రం పెద్ద అక్షరాల వేషం కట్టుకుని వస్తాయి. బటన్ మళ్లీ నొక్కితే వేషం తీసేసి మామూలుగా నిలబడతాయి. చేంజ్ కేస్ కింద ఉన్న నాలుగూ అలా కాదు. అవి అక్షరాన్నే మార్చేస్తాయి. చిన్న ఏ ఉన్న చోట పెద్ద ఏ వచ్చి కూర్చుంటుంది. ఇదివరకు అక్కడ చిన్న అక్షరం ఉండేదన్న జాడ ఎక్కడా మిగలదు. వెంటనే అన్‌డూ కొడితే సరే. ఫైలు మూసి మర్నాడు తెరిస్తే ఇక దిక్కులేదు.

దీని విలువ ఒక పేజీలో తెలియదు, పుస్తకంలో తెలుస్తుంది. ‘ఎ హిస్టరీ ఆఫ్ ది గోదావరి డెల్టా’ అని ఒక ఇంగ్లీషు అధ్యాయానికి పేరు పెట్టారనుకుందాం. రచయిత హిస్టరీలో హెచ్, గోదావరిలో జీ, డెల్టాలో డీ పెద్దవి వేసి, ‘ఆఫ్ ది’ని చిన్న అక్షరాల్లో వదిలాడు. అది ఆయన తెలిసి చేసిన పని. డిజైనరుకు మాత్రం అధ్యాయం మొదట్లో ఆ పేరు మొత్తం పెద్ద అక్షరాల్లో కావాలి. పేరాగ్రాఫ్ స్టైల్‌లో కేస్ అనే గడిలో ఆల్ క్యాప్స్ పెడితే పుస్తకంలోని అధ్యాయాల పేర్లన్నీ ఒక్కసారిగా పెద్దవైపోతాయి. విషయసూచిక తయారు చేసేటప్పుడు ఇన్‌డిజైన్ అక్కడి నుంచి తీసుకునేది వేషాన్ని కాదు, లోపలి అక్షరాన్ని. కాబట్టి సూచికలో అదే పేరు రచయిత రాసిన పద్ధతిలో, ‘ఆఫ్ ది’ చిన్నగానే ఉండి కనిపిస్తుంది. పేజీల నెత్తిన వచ్చే రన్నింగ్ హెడర్‌కు టెక్స్ట్ వేరియబుల్ వాడితే అందులోనూ కేస్ మార్చుకునే ఏర్పాటు విడిగా ఉంది. ఒకే పేరు మూడు చోట్ల మూడు రకాలుగా కనిపిస్తుంది. టైపు చేసింది మాత్రం ఒక్కసారే.

చివర్లో సంపాదకుడొచ్చి, అన్నీ పెద్ద అక్షరాలైతే చదవడం కష్టంగా ఉంది, మామూలుగా పెట్టేయండి అన్నాడనుకోండి. స్టైల్‌లో ఒక్క గడి మారిస్తే సరిపోతుంది. అదే పని అప్పర్‌కేస్‌తో చేసి ఉంటే వెనక్కి వచ్చే దారి లేదు. లోయర్‌కేస్ కొడితే గోదావరి కూడా చిన్న అక్షరంతో మొదలవుతుంది. టైటిల్ కేస్ కొడితే ‘ఆఫ్’, ‘ది’ కూడా పెద్ద అక్షరం తగిలించుకుంటాయి. సెంటెన్స్ కేస్ కొడితే మొదటి అక్షరం తప్ప మిగిలినవన్నీ చిన్నవైపోతాయి. నాలుగింట్లో ఒక్కటీ రచయిత రాసినదాన్ని తిరిగి ఇవ్వలేదు. ఏ మాట ఊరి పేరో, ఏది ఉత్త విభక్తి లాంటి మాటో ఆ చిన్నా పెద్దా అక్షరాల తేడాలోనే దాగి ఉంది. ఆ తేడాను చెరిపేశాక ఏ యంత్రమూ ఊహించి పెట్టలేదు.

వెతుకులాటలోనూ ఈ నియమమే నడుస్తుంది. ఫైండ్ పెట్టెలో చిన్నా పెద్దా తేడా చూడమని చెప్పి వెతికితే, అది పట్టించుకునేది లోపలి అక్షరాన్నే. తెర మీద పెద్ద అక్షరాల్లో కనిపిస్తున్న మాటను పెద్ద అక్షరాల్లోనే టైపు చేసి వెతికితే దొరకదు. మొదటిసారి చూసినవాళ్లకు ఇది లోపంలా తోస్తుంది. నాకైతే ఇదే దాని నిజాయితీ. కనిపించేది వేరు, ఉన్నది వేరు అని ఒకసారి మాట ఇచ్చాక దాన్ని అన్ని చోట్లా నిలబెట్టుకుంది.

ఆ రెండు టీల బటన్ కిందనే ఇంకొకటుంది. అందులో మొదటి టీ పెద్దది, రెండోది పొట్టిది. అది స్మాల్ క్యాప్స్, అంటే చిన్న అక్షరం ఎత్తులో ఉండే పెద్ద అక్షరం. తెలుగు లిపికి ఈ అవసరం లేదు కాబట్టి మనలో చాలామంది దీన్ని దగ్గరగా చూసి ఉండరు. ఇంగ్లీషు పుస్తకాల్లో అధ్యాయం మొదటి పంక్తిలోనో, నాటకాల్లో పాత్రల పేర్లకో వాడతారు. పెద్ద అక్షరాన్ని కుదిస్తే చాలదా అంటే, చాలదు. పెద్ద ‘హెచ్’ని 70 శాతానికి కుదిస్తే దాని ఎత్తుతో పాటు నిలువు గీత మందమూ 70 శాతానికి పడిపోతుంది. పక్కనున్న మామూలు అక్షరాల గీతలు వాటి మందంలోనే ఉంటాయి. కంటికి ఏం కనిపిస్తుందంటే, పంక్తి మధ్యలో కొన్ని అక్షరాలకు సిరా అందనట్టు పలచగా వెలిసిపోయి ఉంటాయి. అందుకే మంచి ఫాంటు చేసేవాళ్లు స్మాల్ క్యాప్స్‌ను విడిగా గీస్తారు. గీతను కాస్త మందం చేస్తారు, అక్షరాన్ని కాస్త వెడల్పు చేస్తారు, పక్క అక్షరంతో ఎడాన్ని కాస్త పెంచుతారు. రాబర్ట్ స్లింబాక్ 1989లో చేసిన అడోబీ గారమాండ్‌లో ఆ పని చూడవచ్చు.

అప్పట్లో ఒక ఫాంటు సంకేతాల పట్టికలో 256 గళ్లే ఉండేవి. వాటిలో స్మాల్ క్యాప్స్‌కు చోటు లేక, ఎక్స్‌పర్ట్ సెట్ అని వేరే ఫాంటుగా అమ్మేవారు. వాడాల్సిన ప్రతిచోటా మాటను ఎంచుకుని ఫాంటు పేరు మార్చాలి. ఆ తర్వాత ఓపెన్‌టైప్ అనే కొత్త ఫాంటు పద్ధతి వచ్చి అన్నింటినీ ఒకే ఫైలులోకి తెచ్చింది. ఇప్పుడు స్మాల్ క్యాప్స్ బటన్ నొక్కగానే ఇన్‌డిజైన్ ముందు ఫాంటు లోపల చూస్తుంది. ఫాంటు చేసినవాళ్లు గీసిపెట్టిన స్మాల్ క్యాప్స్ ఉంటే వాటినే తెచ్చి పెడుతుంది. లేకపోతేనే పెద్ద అక్షరాన్ని కుదించి సరిపెడుతుంది. ఆ కుదింపు ఎంతుండాలో ప్రిఫరెన్సెస్‌లోని అడ్వాన్స్‌డ్ టైప్‌లో మనమే పెట్టుకోవచ్చు. మనం మార్చకపోతే 70 శాతం. బటన్ ఒక్కటే, లోపల మాత్రం ఏది మేలో చూసి ఎంచే పని జరుగుతోంది.

ఇంకా సూక్ష్మం ఒకటుంది. స్మాల్ క్యాప్స్ చిన్న అక్షరాలనే మారుస్తుంది, పెద్దవాటి జోలికి పోదు. పేరు మొదటి అక్షరం పూర్తి ఎత్తులో నిలబడాలి కాబట్టి అది సరైనదే. కానీ ‘యునెస్కో’ లాంటి పొడి అక్షరాల పేరు మొత్తం పెద్ద అక్షరాల్లోనే టైపు చేసి ఉంటుంది. దానికి స్మాల్ క్యాప్స్ పెడితే ఏమీ జరగదు. పేరాలో అది అరుస్తున్నట్టు ఎత్తుగా అలాగే ఉంటుంది. అందుకే క్యారెక్టర్ స్టైల్‌లోని కేస్ గడిలో నార్మల్, స్మాల్ క్యాప్స్, ఆల్ క్యాప్స్‌తో పాటు నాలుగోదిగా ఓపెన్‌టైప్ ఆల్ స్మాల్ క్యాప్స్ అని పెట్టారు. అది పెద్ద అక్షరాలను కూడా కిందికి దింపుతుంది. గ్రెప్ స్టైల్ తెలిసినవాళ్లు, రెండు అంతకంటే ఎక్కువ పెద్ద అక్షరాలు వరసగా వస్తే ఈ స్టైల్ వేయమని ఒక్క సూత్రం రాసి పుస్తకమంతటా ఆ పని చేయించుకుంటారు. తెలుగు పేరాలో ఇంగ్లీషు పొడి అక్షరాలు ఇంగ్లీషు లిపిలోనే వేయాల్సి వస్తే, నా సలహా కూడా ఇదే. పూర్తి పెద్ద అక్షరాలు మన గుండ్రటి అక్షరాల మధ్య కంచె పాతినట్టుంటాయి. స్మాల్ క్యాప్స్ అయితే మన అక్షరం ఒంటి ఎత్తుకు దగ్గరగా ఒదుగుతాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది బ్రాకెట్ల సంగతి. ఇంగ్లీషు ఫాంటుల్లో బ్రాకెట్టు, చిన్న గీత, పొడవు గీత సాధారణంగా చిన్న అక్షరాలకు సరిపోయే ఎత్తులో గీసి ఉంటాయి. జీ, వై, పీ లాంటి చిన్న అక్షరాల తోకలు పంక్తి కిందికి దిగుతాయి కాబట్టి బ్రాకెట్టు కూడా కిందికి దిగుతుంది. మాటలన్నీ పెద్ద అక్షరాలైనప్పుడు ఆ తోకలు ఉండవు. అప్పుడు బ్రాకెట్టు మాత్రం కింద వేలాడుతూ మిగిలిపోతుంది. చిన్న గీత కూడా పెద్ద అక్షరాల నడుముకు రాకుండా కిందనే ఉండిపోతుంది. పెళ్లి పత్రికల్లో వరుడి పేరు పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో వేసి, పక్కన బ్రాకెట్లలో చదువు వేసినప్పుడు గమనించండి. బ్రాకెట్లు మెట్టు దిగినట్టు కనిపిస్తాయి. ఎందుకో చెప్పలేకపోయినా ఏదో సరిగా కుదరలేదని కంటికి తెలుస్తూనే ఉంటుంది.

దీనికి విరుగుడుగా ఓపెన్‌టైప్‌లో ‘కేస్’ అనే పేరుతోనే ఒక ఫీచర్ ఉంది. పెద్ద అక్షరాల ఎత్తుకు తగినట్టు పైకి జరిపిన బ్రాకెట్లు, గీతలు, కోలన్లు ఫాంటు చేసినవాళ్లు అందులో పెడతారు. ఇన్‌డిజైన్‌లో ఆల్ క్యాప్స్ బటన్ నొక్కితే, ఆ ఫీచర్ ఉన్న ఫాంటుల్లో అది దానంతట అదే పని చేస్తుంది. బ్రాకెట్లు పైకి లేచి సర్దుకుంటాయి. క్యాప్స్ లాక్ వేసి టైపు చేసినా, అప్పర్‌కేస్ కొట్టినా అవి లేవవు. కారణం తేలికే. అప్పర్‌కేస్ కొట్టాక అక్కడ మిగిలేవి ఉత్త పెద్ద అక్షరాలు. వాటిని డిజైన్ కోసం అలా వేశారా, పేరులో భాగంగా వేశారా అనేది సాఫ్ట్‌వేర్‌కు తెలిసే వీల్లేదు. ఆల్ క్యాప్స్‌లో మన ఉద్దేశం కూడా దానికి అందుతుంది. ఫాంటు చేసిన మనిషి, సాఫ్ట్‌వేర్ రాసిన మనిషి ఎక్కడెక్కడో ఉండి ఒకే బ్రాకెట్టు కోసం ఇంత ఆలోచించారు. ఆ బ్రాకెట్టు లేచి సర్దుకున్న క్షణం చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

చేంజ్ కేస్ మెనూలోని మాటలు రాసిన తీరు కూడా చూడదగ్గదే. అప్పర్‌కేస్ అన్న మాట మొత్తం పెద్ద అక్షరాల్లో, లోయర్‌కేస్ అన్నది చిన్న అక్షరాల్లో, టైటిల్ కేస్ అన్నది రెండు మాటలకూ పెద్ద అక్షరంతో, సెంటెన్స్ కేస్ అన్నది మొదటి మాటకు మాత్రమే పెద్ద అక్షరంతో ఉంటాయి. నొక్కక ముందే ఫలితం అక్కడే కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో టాగుల్ కేస్ అని ఇంకొకటుంది. దాని పేరులో ప్రతి మాటకూ మొదటి అక్షరం చిన్నది, మిగిలినవి పెద్దవి. క్యాప్స్ లాక్ పడిందని చూసుకోకుండా పేరా అంతా కొట్టేసినవాళ్లకు అదే రక్ష. వర్డ్‌లో షిఫ్ట్ పట్టుకుని ఎఫ్3 నొక్కుతూ పోతే ఈ రూపాలు కొన్ని ఒకదాని తర్వాత ఒకటి తిరుగుతాయి.

టైటిల్ కేస్, సెంటెన్స్ కేస్ మాత్రం అంత నమ్మదగ్గవి కావు. ఆ సంగతి చేసినవాళ్లే దాచుకోలేదు. ఫుల్‌స్టాప్, ఆశ్చర్యార్థకం, ప్రశ్నార్థకం కనబడితే వాక్యం అయిపోయిందని సెంటెన్స్ కేస్ అనుకుంటుందని, పొడి అక్షరాల్లోనో వెబ్ చిరునామాల్లోనో చుక్క ఉంటే పొరపడుతుందని, మనుషుల పేర్లు చిన్న అక్షరాలైపోవచ్చని అడోబీ సహాయ పుటల్లోనే చెప్పింది. అఫినిటీ పబ్లిషర్ అనే మరో పేజీల సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లు ఒక అడుగు ముందుకేసి, టైటిల్ కేస్ ముట్టుకోకూడని మాటల జాబితాను వాడేవాళ్ల చేతికే ఇచ్చారు. ఏ మాటకు మినహాయింపు ఇవ్వాలో తేల్చేది మనిషేనని ఒప్పుకోవడం నాకు నచ్చింది.

తెర డిజైన్లకు వాడే ఫిగ్మా ఈ విషయాన్ని ఇంకో దారిలో తేల్చింది. అందులో కేస్‌కు ఆరు ఎంపికలున్నాయి. టైపు చేసినట్టే, అన్నీ పెద్దవి, అన్నీ చిన్నవి, టైటిల్, స్మాల్ క్యాప్స్, పెద్దవాటిని కూడా దింపే స్మాల్ క్యాప్స్. ఆరూ వేషాలే. లోయర్‌కేస్, టైటిల్ కేస్ కూడా అక్కడ లోపలి అక్షరాన్ని తాకవు. మొదటి ఎంపికకు వాళ్లు పెట్టిన పేరు మామూలు అనో సాధారణం అనో కాదు, టైపు చేసినట్టే అని. మిగిలిన ఐదింట్లో దేన్నుంచైనా అక్కడికి తిరిగి రావచ్చని ఆ పేరులోనే తెలుస్తుంది.

ఇంగ్లీషు దాటి వెళ్తే ఈ చిన్న బటన్ వెనకున్న పని ఎంత పెద్దదో అర్థమవుతుంది. జర్మన్‌లో ఎస్‌సెట్ అనే అక్షరం ఉంది. పెద్ద అక్షరాల్లోకి మార్చితే అది రెండు ఎస్‌లవుతుంది. వీధి అనే అర్థమున్న ‘ష్ట్రాసె’లో ఆరు అక్షరాలుంటే, పెద్ద చేశాక ఏడవుతాయి. కొలతలు అనే అర్థమున్న మాటా, ద్రవ్యరాశి అనే అర్థమున్న మాటా పెద్ద అక్షరాల్లో ఒకేలా ఉంటాయి. తిరిగి చిన్నవి చేస్తే ఏది ఏదో తేల్చలేం. ఎస్‌సెట్‌కు పెద్ద రూపం 2008లో, ప్రపంచ లిపుల అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్‌లో చేరింది, 2017లో జర్మన్ అక్షర నియమాల్లోనూ చోటు సంపాదించింది. అయినా యూనికోడ్ పట్టికలో పాత నియమం అలాగే ఉంది. టర్కిష్‌లో చుక్క ఉన్న ఐ వేరు, చుక్క లేని ఐ వేరు. చిన్నదానికి చుక్క ఉంటే పెద్దదానికీ ఉండాలి. అందుకని ఆ పేరా ఏ భాషదో సాఫ్ట్‌వేర్‌కు తెలియాల్సిందే. గ్రీకులో మొత్తం పెద్ద అక్షరాలు చేస్తే అచ్చుల మీది స్వర చిహ్నాలు రాలిపోవాలి. తిరిగి చిన్నవి చేస్తే మాట చివర వచ్చే సిగ్మాకు వేరే రూపం రావాలి.

జార్జియన్ సంగతి మనకు మరీ దగ్గర. వాళ్ల వాడుక లిపిలో మనలాగే చిన్నా పెద్దా లేవు. శీర్షికల కోసం మాత్రం అక్షరాలన్నీ ఒకే ఎత్తులో ఉండే మ్తవ్రులి అనే రూపం ఒకటుంది. 2018లో యూనికోడ్ 11 దాన్ని పెద్ద అక్షరాలుగా చేర్చుకుంది. కానీ ఒక షరతు పెట్టింది. మాట మొత్తం పెద్దది చేస్తేనే ఆ రూపం రావాలి, మొదటి అక్షరానికి మాత్రమే రాకూడదు. కాబట్టి అప్పర్‌కేస్ నొక్కితే జార్జియన్ మాట మారుతుంది, టైటిల్ కేస్ నొక్కితే మారదు. లిపిని వాడేవాళ్ల అలవాటును అలా పట్టికలోకి ఎక్కించారు.

తెలుగు అక్షరాలకు యూనికోడ్ పట్టికలో చిన్నా పెద్దా అనే గుణమే లేదు. అందుకే తెలుగు, ఇంగ్లీషు కలిసిన శీర్షికకు ఆల్ క్యాప్స్ పెట్టినా, అప్పర్‌కేస్ కొట్టినా ఇంగ్లీషు మాత్రమే మారుతుంది, తెలుగు చెక్కుచెదరదు. రెండు భాషల పుస్తకానికి ఒకే స్టైల్ నిశ్చింతగా వాడుకోవచ్చు. ఈ నిశ్చింత మొదటినుంచీ ఉన్నది కాదు. 1990లలో ఇంటర్నెట్‌లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసిన ఆర్‌టీఎస్ పద్ధతిలో చిన్న టీ అంటే త, పెద్ద టీ అంటే ట. ‘పాట’ రాయాలంటే చిన్న పీ, పెద్ద ఏ, పెద్ద టీ, చిన్న ఏ. దానికి లోయర్‌కేస్ కొడితే మిగిలేది ‘పత’.

డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్ రోజుల నుంచి నడిచిన అను లాంటి ఫాంట్ల పరిస్థితి ఇంకా సున్నితం. వాటిలో తెలుగు అక్షరాల ముక్కలు, గుణింతాల కొమ్ములు, వత్తులు అన్నీ ఇంగ్లీషు అక్షరాల గళ్లలో కూర్చుని ఉంటాయి. ఫాంటు తీసేస్తే కంప్యూటర్‌కు కనిపించేది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ మాత్రమే. చిన్న ఏ 97వ గడి, పెద్ద ఏ 65వ గడి. 26 అక్షరాలకూ ఇదే 32 గళ్ల ఎడం. అలాంటి పాఠానికి అప్పర్‌కేస్ కొడితే చిన్న అక్షరాల గళ్లలో ఉన్న ముక్కలన్నీ 32 గళ్లు వెనక్కి జరుగుతాయి. అక్కడ ఉన్నది వేరే ముక్క. తలకట్టు ఉండాల్సిన చోట వత్తో మరొకటో వచ్చి పడుతుంది. పంక్తి చదవడానికి పనికిరాకుండా పోతుంది.

పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చేవాళ్లకు ఇలాంటి పంక్తి ఎదురైతే ముందుగా చూడాల్సింది పేజ్‌మేకర్ టైప్ స్పెసిఫికేషన్స్ పెట్టెలోని కేస్ గడి. అందులో ఆల్ క్యాప్స్ ఉంటే భయం లేదు. నార్మల్ పెట్టగానే అక్షరాలు వాటి చోటికి వచ్చేస్తాయి. కన్వర్టర్ చదివేది ఎలాగూ లోపలి సంకేతాలనే కాబట్టి మార్పిడి కూడా సవ్యంగా సాగుతుంది. గడిలో ముందునుంచీ నార్మలే ఉండి పంక్తి చెడిపోయి ఉంటే ఎవరో అక్షరాలనే మార్చేశారన్నమాట. అప్పుడు పాత ప్రింటు దగ్గర పెట్టుకుని ఆ పంక్తిని మళ్లీ టైపు చేసుకోవాలి.